తెల్ల కణాలు తగ్గాయని తేలినప్పుడు ల్యాబ్ ఏం చేయాలి: కర్నూలు ఎన్.ఆర్. పేటలోని ఒక చిన్న ల్యాబ్ గురించి

కర్నూలు ఎన్.ఆర్. పేటలో ఆసుపత్రులు ఎన్ని ఉన్నాయో రక్తపరీక్షల ల్యాబులూ దాదాపు అన్ని ఉన్నాయి. పత్తికొండ, ఆలూరు, ఆదోని వైపు నుంచే కాక తుంగభద్ర దాటి అలంపూర్, గద్వాల నుంచి కూడా రోగులు ఇక్కడికే వస్తారు కనుక, ఉదయం ఏడు గంటలకే ఆ వీధుల్లో పరగడుపున వచ్చినవాళ్లు చేతి మీద దూది అదుముకొని కూర్చొని కనబడతారు. ఆ ల్యాబులలో ఒకదానికి కొన్నేళ్లుగా మా ఇంటివాళ్లనూ, ఊళ్ల నుంచి వచ్చే బంధువులనూ తీసుకువెళుతున్నాను. అది పెద్ద సంస్థకు శాఖ కాదు. పెథాలజీలో ఎం.డి. చేసిన ఒక డాక్టరమ్మ నలుగురు సిబ్బందితో పాత భవనం రెండో అంతస్తులో నడుపుతున్న ల్యాబ్ అది. ప్రచారం చేయడం నా ఉద్దేశం కాదు కనుక పేరు రాయడం లేదు. ల్యాబ్ మంచిదో కాదో రోగి తరఫువాళ్లు దేన్నిబట్టి తేల్చుకోవచ్చో అక్కడ చూసిన పనిని బట్టి చెప్పాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

రక్తకణాలను లెక్కించే సీబీపీ పరీక్షలో అంకెలన్నీ మామూలుగా ఉన్నంతకాలం ఒక ల్యాబుకూ ఇంకొకదానికీ తేడా మనకు తెలియదు. ఏదో ఒక అంకె హద్దు దాటినప్పుడే తేడా బయటపడుతుంది. హిమోగ్లోబిన్ తగ్గితే ఏం చేయాలో అందరికీ కొంత తెలుసు, ప్లేట్‌లెట్లు తగ్గితే ఇల్లంతా పరుగులు పెడుతుంది. తెల్ల కణాలు తగ్గాయంటే మాత్రం కొందరు అసలు పట్టించుకోరు, కొందరు బ్లడ్ క్యాన్సరేమోనని ఆ రాత్రంతా నిద్రపోరు. పెద్దవాళ్లలో ఒక మైక్రోలీటరు రక్తంలో తెల్ల కణాలు సుమారు 4,000 నుంచి 11,000 వరకు ఉండాలి. 4,000 కన్నా తగ్గితే తగ్గినట్టే లెక్క. అయితే తగ్గడమన్నది జబ్బు పేరు కాదు. శరీరంలో ఎక్కడో ఏదో జరిగిందనడానికి అది ఒక ఆనవాలు మాత్రమే, దాని వెనుక ఉండగల కారణాలు చాలా ఉన్నాయి. ఈ ల్యాబును నేను మెచ్చుకోవడానికి ప్రధాన కారణం, అటువంటి అంకె వచ్చిన రోజున వీళ్లు రిపోర్టు చేతికిచ్చి చేతులు దులుపుకోరు.

మొదట రక్తం తీసే పద్ధతి గురించి చెప్పాలి, ఎందుకంటే అసలు తగ్గకుండానే తగ్గినట్టు చూపించే పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. నరం సరిగా దొరకనప్పుడు సూదిని అటూ ఇటూ తిప్పి కొంచెం కొంచెంగా లాగితే, రక్తం ట్యూబులో చేరేలోపే సన్నని గడ్డలు కడుతుంది. ఆ గడ్డల్లో చిక్కుకున్న కణాలు యంత్రం లెక్కలోకి రావు. ఈ ల్యాబులో రక్తం తీసే అమ్మాయి ఊదారంగు మూత ట్యూబును నింపగానే తల్లకిందులుగా నెమ్మదిగా ఎనిమిది, పది సార్లు తిప్పుతుంది, ఎంత రద్దీగా ఉన్నా గబగబా ఊపి స్టాండులో పడేయదు. పేరు, వయసు, రక్తం తీసిన సమయం రోగి ఎదురుగానే ట్యూబు మీద రాస్తుంది. లోపల టెక్నీషియన్ ఆ ట్యూబును యంత్రంలో పెట్టేముందు మూత తీసి, సన్నని పుల్ల ముంచి, గడ్డేమైనా తగులుతుందేమో చూస్తాడు. తగిలితే ఆ నమూనాను పక్కన పెట్టి మళ్లీ రక్తం అడుగుతారు. రెండోసారి సూది అంటే రోగులు విసుక్కుంటారు, అయినా వీళ్లు రాజీపడరు, రెండోసారికి డబ్బులు తీసుకోరు.

పక్క నర్సింగ్‌హోముల నుంచి వచ్చే నమూనాల విషయంలోనూ ఇదే పట్టుదల కనబడుతుంది. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి రక్తం తీస్తే ఆ నీటితో పలచబడి అన్ని కణాలూ తక్కువగా కనిపిస్తాయి కనుక, ఏ చేతి నుంచి తీశారో ఫోన్ చేసి కనుక్కోవడం నేను స్వయంగా విన్నాను. ఊళ్లలో పొద్దున తీసి సాయంత్రం బస్సులో పంపే నమూనాల్లో కణాలు పాడవడం మొదలవుతుంది. ఇంకొక విచిత్రం కూడా ఉంది. రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో వేసే ఈడీటీఏ అనే రసాయనానికే కొందరి తెల్ల కణాలు గుంపులుగా అతుక్కుపోతాయి, యంత్రం ఆ గుంపును సరిగా లెక్కించలేదు. అప్పుడు రక్తాన్ని గాజు పలక మీద పరిచిన స్లైడును మైక్రోస్కోపులో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. అవసరమైతే సిట్రేట్ ఉన్న నీలిరంగు మూత ట్యూబులో మరోసారి తీసి సరిచూస్తారు. అంకె తగ్గిందని తెలియగానే వీళ్లు మొదట తమ పనినే అనుమానించుకుంటారు. ఇది చిన్న గుణం కాదు.

ఇక యంత్రం విషయం. రక్తకణాలను సన్నని రంధ్రం గుండా పంపి, ఒక్కొక్క కణం దాటేటప్పుడు విద్యుత్ ప్రవాహానికి కలిగే అడ్డును బట్టి లెక్కించే పద్ధతికి అమెరికాలో వాలెస్ కోల్టర్ 1953లో పేటెంటు పొందారు, నేటి కౌంటర్లకు చాలావరకు అదే ఆధారం. మూడు రకాలుగా మాత్రమే తెల్ల కణాలను విడదీసే చవక యంత్రాలు చాలాచోట్ల ఉన్నాయి. ఇక్కడిది అయిదు రకాలనూ విడదీస్తుంది. ప్రతి ఉదయం మొదటి రోగి నమూనా కన్నా ముందు, విలువ ముందే తెలిసిన కంట్రోల్ రక్తాన్ని అందులో నడిపి, వచ్చిన అంకెలను గోడకున్న చార్టులో గుర్తు పెడతారు. ఢిల్లీ ఎయిమ్స్ నుంచి వచ్చే నాణ్యతా పరీక్ష నమూనాలను కూడా క్రమం తప్పకుండా చేసి పంపుతామని డాక్టరమ్మ చెప్పారు. అడిగితే ఆ ఫలితాల కాగితాలు చూపించారు కూడా.

అయితే నన్ను ఆకట్టుకున్నది యంత్రం కాదు, దాని పక్కనున్న మైక్రోస్కోపు. మొత్తం కౌంటు 4,000 కన్నా తగ్గిన ప్రతి నమూనాకు ఇక్కడ తప్పనిసరిగా స్లైడు చేస్తారు. గాజు పలక మీద రక్తపు చుక్క వేసి, మరో పలక అంచుతో సన్నగా పరిచి, ఆరబెట్టి, లీష్‌మన్ రంగు పోసి, కడిగి, నూనె చుక్క వేసి డాక్టరమ్మ స్వయంగా చూస్తారు. నూరు తెల్ల కణాలను కంటితో లెక్కించి, యంత్రం ఇచ్చిన పాళ్లతో పోల్చి, తేడా ఉంటే కంటి లెక్కనే రిపోర్టులో రాస్తారు. మొత్తం మరీ అనుమానంగా ఉంటే పాతకాలపు న్యూబార్ చాంబరులో టర్క్ ద్రవంతో మళ్లీ లెక్కిస్తారు. పెద్ద సంస్థల రిపోర్టుల్లో ‘స్మియర్’ అన్న శీర్షిక కింద ఎవరికైనా ఒకేలా వర్తించే రెండు వాక్యాలు అచ్చువేసి ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఇక్కడ ఆ భాగం ఒక్కో రోగికి ఒక్కోలా ఉంటుంది, అంటే ఎవరో నిజంగా చూసి రాశారన్నమాట.

రిపోర్టులో మరో రెండు మంచి పనులు చేస్తారు. తెల్ల కణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ శాతం మాత్రమే కాక వాటి అసలు సంఖ్యను కూడా విడిగా ముద్రిస్తారు. మొత్తం కౌంటును న్యూట్రోఫిల్స్ శాతంతో గుణిస్తే వచ్చే ఆ సంఖ్యే ప్రమాదం ఎంతో చెబుతుంది, ఎందుకంటే సూక్ష్మజీవులతో ముందు వరుసలో పోరాడేవి ఆ కణాలే. అది 1,500 కన్నా తగ్గితే లోపం, 1,000 వరకు స్వల్పం, 500 వరకు మధ్యస్థం, 500 కన్నా తగ్గితే తీవ్రం. మొత్తం కౌంటు 3,600 ఉండి న్యూట్రోఫిల్స్ 60 శాతం ఉన్నవారికి ఆ సంఖ్య 2,160 అవుతుంది, వారికి వెంటనే కంగారు పడవలసింది లేదు. అదే 3,600లో 20 శాతమే ఉంటే 720కి పడిపోతుంది. రెండు రిపోర్టుల్లోనూ మొత్తం ఒకటే, మనుషుల పరిస్థితి మాత్రం వేరు. రెండో మంచి పని, అదే రోగి పాత ఫలితాలను కొత్త ఫలితం పక్కనే వేయడం. కొందరు ఆరోగ్యవంతులకు ఏళ్ల తరబడి 3,500 చుట్టూనే నిలకడగా ఉంటుంది. అటువంటివారికీ, నిన్నమొన్నటిదాకా 7,000 ఉండి ఇప్పుడు 3,500కు దిగినవారికీ ఉన్న భేదం ఈ వరుసను చూస్తేనే అర్థమవుతుంది.

కారణాల విషయానికి వస్తే, మా ఇళ్లలో ఎదురైనవే ఒక్కొక్కటి ఒక్కో రకం. మా మేనల్లుడికి వానాకాలంలో జ్వరం వచ్చిన మూడో రోజున కౌంటు 2,600 చూపించింది, ప్లేట్‌లెట్లు మాత్రం అప్పటికి లక్షన్నర పైనే ఉన్నాయి. ప్లేట్‌లెట్లు బాగున్నాయి కదా అని అందరం ఊరట చెందుతుంటే, స్లైడులో రియాక్టివ్ లింఫోసైట్లు, అంటే వైరస్‌కు స్పందించి రూపు మారిన ఒక రకం తెల్ల కణాలు, కనబడుతున్నాయనీ, డెంగీలో తెల్ల కణాలు ముందు తగ్గి ఆ తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోవడం మామూలేననీ డాక్టరమ్మ చెప్పి, చూపించుకుంటున్న ఫిజీషియన్‌తో మాట్లాడి డెంగీని గుర్తించే ఎన్ఎస్1 పరీక్ష చేయమంటారా అని అడిగారు. అది పాజిటివ్ వచ్చింది. తర్వాతి రోజుల్లో ఆమె చెప్పినట్టే ప్లేట్‌లెట్లు దిగాయి. కోలుకునేటప్పుడు కూడా మొదట పెరిగింది తెల్ల కణాలే, ప్లేట్‌లెట్లు ఆ వెనుక పెరిగాయి. మన దగ్గర డెంగీ అనగానే అందరూ ప్లేట్‌లెట్ల గురించి, బొప్పాయి ఆకు రసం గురించే మాట్లాడతారు. కౌంటు వరుసను రోజూ చూసేవారికి తెల్ల కణాలు ఇంకా ముందుగా సంగతి చెబుతాయని ఆ ఇంట్లో మాకు తెలిసివచ్చింది.

వైరస్ జ్వరాలన్నిటిలో ఈ తగ్గుదల ఎంతో కొంత ఉండవచ్చు. ఫ్లూ, చికున్‌గున్యా, కామెర్లు తెచ్చే హెపటైటిస్ వైరస్‌లు ఈ కోవలోకి వస్తాయి, జ్వరం తగ్గిన కొన్ని వారాలకు కౌంటు తనంతట తానే మామూలు స్థాయికి వస్తుంది. బాక్టీరియా జబ్బుల్లో సాధారణంగా తెల్ల కణాలు పెరుగుతాయి, కానీ టైఫాయిడ్‌లో తగ్గడం దాని ప్రత్యేక లక్షణం. వైడాల్ అనే రక్తపరీక్ష ఒక్కటే చేసి టైఫాయిడ్ అని ముద్రవేయడం మన ప్రాంతంలో అలవాటైపోయింది. ఈ ల్యాబులో జ్వరం వచ్చిన మొదటి వారంలో అయితే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ చేయించడం మంచిదని ముందే చెబుతారు. గొర్రెలు, మేకలు కాచేవాళ్లు, పచ్చిపాలు తాగేవాళ్లు ఎక్కువగా ఉన్న జిల్లా కనుక విడవని జ్వరంతో కౌంటు తగ్గినవాళ్లను పశువుల సంగతి కూడా అడుగుతారు, బ్రూసెల్లోసిస్ అనే జబ్బు ఆ దారిన వస్తుంది. మలేరియా, ఒళ్లంతా వ్యాపించిన క్షయ కూడా ఇలా చేయవచ్చు. హెచ్ఐవీ విషయంలో వీళ్ల ప్రవర్తన ప్రత్యేకంగా చెప్పదగినది. 2017 నాటి చట్టం ప్రకారం రోగి సమ్మతి లేకుండా ఆ పరీక్ష చేయకూడదు. ఇక్కడ గది తలుపు వేసి, విషయం వివరించి, సంతకం తీసుకున్నాకే చేస్తారు. ఫలితం రోగి చేతికి తప్ప వెంట వచ్చినవాళ్ల చేతికి ఇవ్వరు, వాట్సాప్‌లో పంపరు.

మా మామగారి సంగతి వేరు. ఆయన పూర్తి శాకాహారి, చాలా ఏళ్లుగా చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు. నీరసంగా ఉందనీ, అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయనీ అంటుంటే చక్కెర వల్లనే అనుకున్నాం. సీబీపీలో తెల్ల కణాలు 3,200, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు కూడా కొంచెం కొంచెం తక్కువ. డాక్టరమ్మ ఆయన్నే పిలిచి మైక్రోస్కోపులో చూడమన్నారు. మామూలు న్యూట్రోఫిల్ కణంలో గింజ, అంటే కేంద్రకం, మూడు నాలుగు తమ్మెలుగా ఉంటుంది. ఆయన రక్తంలోని ఆ ఊదా గింజకు ఆరు తమ్మెలు, సన్నని దారాలతో ఒకదానికొకటి వేలాడుతూ, గులాబీరంగు కణం నడుమ స్పష్టంగా కనిపించాయి. ఎర్ర కణాలు కూడా మామూలు కన్నా పెద్దవిగా, కోలగా ఉన్నాయి. విటమిన్ బీ12, ఫోలిక్ ఆమ్లం లోపించినప్పుడు ఎముకల లోపల రక్తకణాలు పుట్టే మూలుగలో కణాలు సరిగా విభజన చెందక ఇలా తయారవుతాయి. మెట్‌ఫార్మిన్‌నూ, కడుపులో మంటకు వేసుకునే మాత్రలనూ ఏళ్ల తరబడి వాడటం బీ12ను ఇంకా తగ్గిస్తుంది. బీ12 పరీక్ష ఆ అనుమానాన్ని నిజమని తేల్చింది, ఇంజెక్షన్లతో మూడు రకాల కణాలూ పెరిగాయి. మూడు రకాల కణాలూ తగ్గాయంటే మూలుగ పరీక్ష దాకా ఆలోచించి భయపడే ఇళ్లు చాలా ఉంటాయి. మన దేశంలో అలా తగ్గడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఈ లోపం ఒకటనీ, అది చవకగా నయమయ్యేదనీ ఒక స్లైడు చూసి చెప్పగల మనిషి ఉండటం ఎంత మేలో మేము కళ్లారా చూశాం.

మా అక్క విషయంలో ఈ ల్యాబ్ చేసిన పనికి మాత్రం ఎంత రుణపడి ఉన్నామో మాటల్లో చెప్పలేను. ఆమెది పత్తికొండ దగ్గర పల్లె. రుమటాయిడ్ కీళ్లనొప్పులకు కర్నూలులో డాక్టరు మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒకసారి, ఫోలిక్ ఆమ్లం మాత్ర మిగతా రోజుల్లో వేసుకోమని రాశారు. నెలవారీ పరీక్షలో ఎప్పుడూ 6,000 పైన ఉండే కౌంటు ఒకసారి 1,800 వచ్చింది, న్యూట్రోఫిల్స్ 40 శాతం, అంటే 720 మాత్రమే. ప్లేట్‌లెట్లు 90,000. రిపోర్టు సాయంత్రం ఇస్తామన్నవాళ్లు మధ్యాహ్నమే ఫోన్ చేసి, ఊరికి బయలుదేరవద్దని, ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ పట్టుకొని వెంటనే రమ్మన్నారు. బల్ల మీద మాత్రల పట్టీలు పరిచి, ఏది ఎప్పుడు వేసుకుంటున్నావమ్మా అని డాక్టరమ్మ అడిగారు. అక్క ఒక పట్టీని చూపించి, “ఇది దినామూ ఒకటి మింగుతాండా మేడం, ఇంకోటి వారానికొకటి. నాలుగు దినాల నుంచి నోరంతా పూసింది, కారం తినలేకుండా ఉండా” అంది. రోజూ మింగుతున్నానని చూపించింది మెథోట్రెక్సేట్‌ను. రెండూ చిన్న పసుపురంగు మాత్రలే. ఊళ్లో కొత్త పట్టీలు కొన్న మందుల షాపులో కవర్ల మీద పెన్నుతో రాసిన గుర్తులు తారుమారయ్యాయి. ఆ షాపు ఏదో చెప్పను, తప్పు తెలిశాక వాళ్లూ బాధపడ్డారు.

డాక్టరమ్మ ఆ మాత్రను అప్పటికప్పుడు ఆపించి, అక్కను చూసే కీళ్ల డాక్టరుకు స్వయంగా ఫోన్ చేసి అంకెలు, స్లైడు వివరం చెప్పారు. స్లైడులో క్యాన్సర్ కణాలేవీ లేవన్న మాట కూడా చేర్చారు. ఆ సాయంత్రమే అక్కను ఆసుపత్రిలో చేర్చి ఫోలినిక్ ఆమ్లం ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కణాలు ఫోలేట్‌ను, అంటే ఫోలిక్ ఆమ్లాన్ని, వాడుకోకుండా మెథోట్రెక్సేట్ అడ్డుపడుతుంది, ఆ అడ్డును దాటి కణాలకు నేరుగా అందే మందు అది. నోటిపూత మానింది, కౌంటు మెల్లగా పైకి వచ్చింది, అక్క ఇంటికి చేరింది. వారం మాత్రను రోజూ మింగడం వల్ల ప్రాణాలు పోయిన సందర్భాలు వైద్యులకు కొత్త కావు. యంత్రం ఇచ్చిన అంకెలను అచ్చువేసి సాయంత్రం కౌంటరులో పెట్టి ఉంటే, మేము ఆ కాగితాన్ని వచ్చే నెల డాక్టరు దగ్గరకు పట్టుకెళ్లేవాళ్లం. రిపోర్టు అడుగున ‘ఫోన్‌లో తెలియజేశాం’ అని రాసి, సమయం వేసి, ఎవరితో మాట్లాడారో కూడా నమోదు చేశారు. ప్రమాదకరమైన అంకె వస్తే అలా చేయడం మంచి ల్యాబులు పాటించవలసిన నియమమే. పాటించినవాళ్లను మాత్రం నేను ఇక్కడే చూశాను.

ఆ రోజు మాటల్లో డాక్టరమ్మ చెప్పిన ఒక సంగతి తెలుగువాళ్లందరూ తెలుసుకోదగినది. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల బృందానికి నాయకత్వం వహించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా ఆ పరిశోధన నుంచే వచ్చాయి. అక్క కవరులోని రెండు పసుపు మాత్రలూ ఒకే ప్రయోగశాల బిడ్డలన్నమాట.

మందుల వల్ల తెల్ల కణాలు తగ్గడం మనం అనుకునేకన్నా ఎక్కువ కనుక, ఈ ల్యాబులో కౌంటు తగ్గినవారిని మందుల గురించి అడగడం ఒక క్రమంగా పెట్టుకున్నారు. థైరాయిడ్ ఎక్కువైనవాళ్లకు ఇచ్చే కార్బిమజోల్ అరుదుగా, వెయ్యి మందిలో అయిదుగురి కన్నా తక్కువ మందికి, న్యూట్రోఫిల్స్‌ను దాదాపు పూర్తిగా తుడిచిపెడుతుంది, అది కూడా ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. అందుకే ఆ మాత్ర వేసుకునేవారికి గొంతునొప్పి, జ్వరం వస్తే మాత్ర ఆపి అదే రోజు కౌంటు చేయించాలని కౌంటరు పక్కన తెలుగులో ఒక కాగితం అంటించారు. ఎంత మంచి పని అది! మూర్ఛకు వాడే కార్బమజెపీన్, మానసిక వ్యాధికి వాడే క్లోజపీన్, కొన్ని సల్ఫా మందులు, క్లోరాంఫెనికాల్, అజథయోప్రిన్ కూడా ఈ జాబితాలోవే. క్యాన్సరుకు కీమో తీసుకునేవారికైతే మందు ఎక్కించిన వారం, రెండు వారాల మధ్య కౌంటు అట్టడుగుకు దిగడం ముందే ఊహించేది, వారికి ఉదయం వరుసలో నిలబడే పని లేకుండా ముందే లోపలికి పిలుస్తారు.

మిగిలిన కారణాలు మా ఇళ్లలో ఎదురుకాలేదు, అందువల్ల క్లుప్తంగానే రాస్తున్నాను. లూపస్ వంటి జబ్బుల్లో శరీరం తన కణాలనే తాను నాశనం చేసుకుంటుంది. కాలేయం గట్టిపడి ప్లీహం ఉబ్బినవారిలో ఆ ప్లీహమే కణాలను పట్టి ఉంచుతుంది, అతిగా మద్యం తాగేవారిలో దీనికి తోడు మూలుగ కూడా దెబ్బతింటుంది. పుట్టుకతోనే న్యూట్రోఫిల్స్ తక్కువగా ఉండే పిల్లలు, దాదాపు ప్రతి 21 రోజులకు ఒకసారి పడిపోయి మళ్లీ లేచే అరుదైన రకం కూడా ఉన్నాయి. అందరూ భయపడే మూలుగ జబ్బులు, అంటే ఎప్లాస్టిక్ ఎనీమియా, ల్యుకీమియా వంటివి, ఈ వరుసలో ఉన్నాయి కానీ మొదట నిలబడవు. స్లైడులో బ్లాస్ట్ కణాలు, అంటే ఇంకా ఎదగని రక్తకణాలు, కనబడినా, కారణం తెలియకుండా మూడు రకాల కణాలూ తగ్గుతూ పోయినా మూలుగ పరీక్ష అవసరమవుతుంది. దాన్ని ఇక్కడ చేయరు, ‘రక్తవ్యాధుల నిపుణులను కలవాలి’ అని స్పష్టంగా రాసి పంపుతారు. తమ హద్దు తెలిసి ఆగడం కూడా నాకు నచ్చింది. జబ్బు పేరు చెప్పడం మీ డాక్టరు పని అని డాక్టరమ్మ ప్రతిసారీ గుర్తుచేస్తారు, మందు మాత్రం ఎవరికీ రాయరు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. లిఫ్టు లేదు. మెట్లు ఇరుకు, కీళ్లనొప్పులవాళ్లకు రెండంతస్తులు ఎక్కడం శిక్షే. అడిగితే అమ్మాయి కిందికి వచ్చి రక్తం తీస్తుంది, కానీ ఆ సంగతి కింద ఎక్కడా రాసిలేదు. ఉదయం ఎనిమిది, పది గంటల మధ్య కుర్చీలు చాలవు. రిపోర్టు పూర్తిగా ఇంగ్లిషులోనే ఉంటుంది, గోడ మీద కాగితం తెలుగులో అంటించినవాళ్లు రిపోర్టులో కనీసం నాలుగు మాటలు తెలుగులో వేయలేరా అనిపిస్తుంది. సాయంత్రం ఆరు దాటాక ఇచ్చిన నమూనాకు యంత్రం అంకెలు ఆ రాత్రే పంపుతారు కానీ, స్లైడు మరునాడు ఉదయం డాక్టరమ్మ వచ్చాకే చూస్తారు. అటువంటి రిపోర్టు మీద ‘తాత్కాలికం’ అని రాసి ఉంటుంది, దాన్ని గమనించాలి.

ధర గురించి కొందరు అడుగుతారు. సీబీపీకి 300 రూపాయలు తీసుకుంటారు, కౌంటు తగ్గినందువల్ల చేసే స్లైడుకు అదనంగా ఏమీ అడగరు. దీనికన్నా తక్కువకు చేసేవాళ్లు ఆ వీధిలోనే ఉన్నారు. ఇంటికి వచ్చి రక్తం తీసుకెళ్లి డెబ్బై, ఎనభై పరీక్షల ప్యాకేజీని తక్కువ ధరకు ఇచ్చే సంస్థలూ ఉన్నాయి. అటువంటి ఒక సంస్థ మా బంధువు ఒకరికి 2,900 కౌంటు ఉన్న రిపోర్టును పక్కన చిన్న నక్షత్రం గుర్తుతో ఫోనుకు పంపి ఊరుకుంది, నలభై పేజీల ఆ రిపోర్టులో ఆ గుర్తును ఎవరూ చూడలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఏటా చేయించుకునే పరీక్షలకు ఎక్కడికి వెళ్లినా నా అభ్యంతరం లేదు. మెథోట్రెక్సేట్, కార్బిమజోల్, అజథయోప్రిన్ వంటి మందులు వాడుతూ క్రమంగా కౌంటు చూపించుకోవలసినవారు, తగ్గని జ్వరంతో ఉన్నవారు, ఎక్కడో ఒకసారి తగ్గిందని తేలి మళ్లీ సరిచూసుకోవాలనుకునేవారు మాత్రం స్లైడును కంటితో చూసే డాక్టరు ఉన్న ఇటువంటి ల్యాబుకే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల పట్టీలు వెంట ఉంచుకుంటే అక్కడ సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

ఆదివారం మధ్యాహ్నం నుంచి ల్యాబ్ మూసి ఉంటుంది. కీమో తీసుకుంటున్నవారికో, కౌంటు బాగా తగ్గిందని ముందే తెలిసినవారికో ఆ సమయంలో జ్వరం వస్తే సోమవారం దాకా ఆగకూడదని డాక్టరమ్మే చెబుతారు. న్యూట్రోఫిల్స్ 500 లోపు ఉన్నప్పుడు జ్వరం వస్తే గంటలోపు యాంటీబయాటిక్ సూది పడాలి. చీము పట్టడం, ఎర్రబారడం వంటి గుర్తులు అటువంటివారిలో పైకి కనబడకపోవచ్చు, జ్వరం ఒక్కటే గుర్తు కావచ్చు. అప్పుడు నేరుగా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకో, రోజంతా తెరిచి ఉండే ఏ ఆసుపత్రికో వెళ్లి, తెల్ల కణాలు తక్కువగా ఉన్నాయన్న మాటను మొదటే చెప్పి, పాత రిపోర్టు చూపించాలి.